రెండు బండ్ల సుంకం

"ఆ చెరువు కట్ట తెగి చచ్చినవాళ్లు నలుగురు. దానికి కంపెనీ కట్టింది ఆరు కోట్లు. ఇంక మీరు కొత్తగా తేల్చేది ఏముంది సారయ్యగారూ?" అన్నాడు మేనేజర్ జయప్రకాశ్.

"అయిదుగురు," అన్నాడు సారయ్య. "మంగళవారంతోటి అయిదుగురు."

గోడ గడియారం పదకొండూ ఏడు చూపిస్తోంది. సారయ్య చేతి గడియారంలో పదకొండూ పది. మణుగూరు బొగ్గుగనిలో ముప్పై ఒక్క ఏళ్లు టైమ్‌కీపర్‌గా హాజరు మస్టర్లు రాసిన మనిషికి ఏ గదిలోకి వెళ్లినా ముందు గడియారం చూడటం అలవాటు. రిటైరయ్యాక ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో టైర్ల షాపు మీద ఒక గది కిరాయికి తీసుకుని ప్రైవేటు విచారణలు చేస్తున్నాడు. బోర్డు లేదు. తెలిసినవాళ్లే వస్తారు.

నిన్న పొద్దున హైమ వచ్చింది. ఆమె భర్త వెంకటప్పయ్య ఈ ధాత్రీనిధి వాషరీలో, అంటే బొగ్గు కడిగే ఈ ఫ్యాక్టరీలో, పన్నెండేళ్లుగా అకౌంటెంటు. బుధవారం తెల్లవారి అతని శవం వాషరీవాళ్ల బురదచెరువులో తేలింది. కట్ట మీద అతని మోటారుసైకిలు, ఆఫీసు సొరుగులో సంతకం చేసిన ఉత్తరం దొరికాయి. 'వేలిముద్రలు నేనే దొంగగా వేశాను. ఎవరికీ ముఖం చూపించలేను' అని ఉంది అందులో, టైపు చేసి. హైమ ఏడవలేదు. "ఆయన పోయాడన్నది ఎట్లాగో మోస్తాను అన్నయ్యగారూ. దొంగగా పోయాడంటే మాత్రం మోయలేను," అంది. శుక్రవారం సాయంత్రం అయిదింటికి సీఐ వీరేందర్ ఆత్మహత్య అని రాసి ఫైలు మూసేస్తున్నాడని ఆమెకు ఎవరో చెప్పారట. ఆ శుక్రవారం ఇవాళే.

సారయ్యను ఇక్కడికి తీసుకొచ్చింది హైమ తమ్ముడు చందర్. దమ్మపేటలో పామాయిల్ గెలలు తోలే ట్రాలీ బండి అతనిది. బావ పోయినప్పటి నుంచి చావింటి పనులతో కిరాయిలు మానేసి, కడిగి పెట్టిన ఖాళీ బండిలో పొద్దున ఆరింటికే వచ్చి సారయ్యను ఎక్కించుకున్నాడు. దారంతా పెద్దగా మాట్లాడలేదు. వాషరీ గేటు దగ్గర వచ్చే ప్రతి బండినీ ఆపి నంబరు రాసుకుంటున్న వాచ్‌మన్, చందర్ బండికి మాత్రం ఊరికే గేటెత్తాడు. చావు జరిగిన ఇంటివాళ్లని జాలిపడ్డాడు కాబోలు అనుకున్నాడు సారయ్య.

"ఆ వేలిముద్రల కాగితం చూపిస్తరా?" అని జయప్రకాశ్‌ను అడిగాడు.

జయప్రకాశ్ ఒకటికి రెండు కాగితాలు బల్ల మీద పెట్టాడు. రెండేళ్ల కిందట బురదచెరువు కట్ట తెగి, కింద ఉన్న రేగులగుంపు గూడెం మీద పడింది. కోర్టులో కేసు నడిచి, చివరికి రాజీ కుదిరింది. మొదటి కాగితం ఆ రాజీ ఒప్పందం. తన తప్పు ఒప్పుకుంటూ కంపెనీ ఆరు కోట్లు జరిమానాగా ప్రభుత్వానికి కడుతోందని అందులో ఉంది. రెండోది అదే ఒప్పందానికి అనుబంధం. ఆ ఆరు కోట్లూ తమకు జరిగిన నష్టానికి పరిహారమేనని, తమకు సమ్మతమేనని గూడెం పెద్దలు ఒప్పుకున్నట్టు. కింద నలభై ఒక్క మంది మగవాళ్ల వేలిముద్రలు. కిందటేడు జూన్ ఏడు, శుక్రవారం తేదీ.

"డబ్బు అదే. పేరు మాత్రం మారింది," అన్నాడు సారయ్య. "ఎందుకట?"

జయప్రకాశ్ దాచే మనిషి కాదు. తను చేసింది తప్పని అతను అనుకోవడమే లేదు. లాభంలోంచి ఖర్చులు తీసేసి మిగిలినదాని మీద కంపెనీ పన్ను కడుతుంది, జరిమానా అయితే దాన్ని ఖర్చుగా తీసేయడానికి చట్టం ఒప్పుకోదు, పరిహారమైతే ఒప్పుకుంటుంది, తేడా కోటిన్నర అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"అన్యాయం ఏముంది ఇందులో? బొగ్గు కడిగితే బురద వస్తుంది. బురద ఉంటే కట్ట ఉంటుంది. కట్ట అన్నాక ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. వ్యాపారం చేస్తున్నాం కాబట్టే వచ్చిన ఖర్చు అది. డీజిల్ ఎట్లాగో అదీ అట్లాగే. జేబులోంచి పోయిన డబ్బు మీద కూడా పన్ను కట్టమంటే ఏ కంపెనీ బతుకుతుంది చెప్పండి?"

"నలుగురు మనుషుల్ని డీజిల్ పక్కన రాసుకుంటరా సార్?"

"నేను మనుషుల గురించి చెప్పట్లేదు. పద్ధతి గురించి చెబుతున్నాను."

"నేనూ పద్ధతి గురించే అడుగుతున్న. జరిమానా అంటే శిక్ష. దాంట్ల కోటిన్నర పన్నుల కోత పెడితే, ఆ కోటిన్నర ఎవరిది? సర్కారుది. అంటే సబ్బు కొన్నా బీడీకట్ట కొన్నా పన్ను కట్టేటోళ్లది. బిడ్డను పోగొట్టుకున్నోడు గూడా మీ శిక్షల వాటా మోసినట్టే గద."

జయప్రకాశ్ నవ్వబోయి ఆగాడు. తరువాత చల్లగా అసలు మాట చెప్పాడు. ఈ వేలిముద్రల సంగతి కంపెనీకి తెలియదు. గూడేనికి వెళ్లి వేయించుకొచ్చానని వెంకటప్పయ్య చెబితే నమ్మారు. ఆదాయపన్ను వాళ్లు సరిచూస్తామని నోటీసు పంపేసరికి అతను భయపడి ప్రాణం తీసుకున్నాడు. కంపెనీ కూడా మోసపోయినట్టే.

సారయ్య కాగితాన్ని కళ్లజోడు దగ్గరగా పెట్టుకుని నలభై ఒక్క ముద్రలూ చూశాడు. పక్కపక్కన ఉన్న ఏడింటిలో బొటనవేలి అంచున ఒకే గాటు కనిపించింది. "దొంగతనం ఆయనది, కోటిన్నర మీది," అన్నాడు లేస్తూ. "పక్కోని ఇంట్ల పెట్టనీకె దొంగతనం చేసేటోన్ని నా సర్వీసుల ఎన్నడు చూడలేదు సార్."

*

వాషరీ నుంచి బురదచెరువుకి గొట్టాలు అడవిలోంచి పోతాయి. మనుషులు పోవాలంటే రేగులగుంపు మీదుగా ఉన్న మట్టిదారి ఒక్కటే. గూడేనికి అర కిలోమీటరు ఇవతలే చందర్ బండి ఆపేశాడు. ముందున్న కల్వర్టు కుంగిందని, బండి బరువుకి ఆగదని, ఇక్కడే ఉంటానని చెప్పాడు. సారయ్య దిగి నడిచాడు. గూడెం దాటి చెరువు కట్ట ఎక్కేసరికి ఒంటిగంట దాటి అయిదు నిమిషాలు.

కట్ట మీద సీఐ వీరేందర్ జీపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లు ఉంటాయి. అతని బల్ల మీద పంతొమ్మిది కేసులు ఉన్నాయని, ఇది ఇరవయ్యోది కావడం అతనికి ఇష్టం లేదని స్టేషన్‌లో అందరికీ తెలుసు.

"గనిల గంటలు కొట్టుకునేటోనివి, శవాల కాడ నీకేం పని సారయ్యా? పెన్షన్ సాల్తలేదా?"

"సాల్తున్నది సార్. నిద్రే సాల్తలేదు. అందుకే వచ్చిన."

వీరేందర్ తన లెక్క తను చెప్పాడు. మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి వెంకటప్పయ్య ఆఫీసు నుంచి బయటికి వచ్చాడు. డాక్టరు లెక్క ప్రకారం చావు సాయంత్రం మూడుకీ ఆరుకీ మధ్య. ఒంటి మీద గాయం లేదు, కడుపులో మద్యం ఉంది. మోటారుసైకిలు మీద ఒక్కడే వచ్చాడు, తాగాడు, దూకాడు.

"ఒక్కడే వచ్చిండని ఎవరు జూసిండ్రు?"

"గూడెం ఆడోళ్లు జూసిండ్రు. ఏం, నీకు తెల్వదా వాళ్ల పండుగ?"

సారయ్యకు తెలుసు. గనికాలనీలో పెరిగిన వాళ్లందరికీ తెలుసు. తొలకరికి ముందు విత్తనాల పండుగ మూడు రోజులూ గూడెంలో మగవాళ్లంతా వేటమొక్కుకి గుట్ట ఎక్కుతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురుబొంగు కట్టి కూర్చుంటారు. వచ్చే ప్రతి బండీ ఆగి సుంకం కట్టాలి. కట్టిన బండికి ఈ గూడెంవాళ్లు ముందు దీపం మీద పసుపు బొట్టు పెట్టి బొంగు ఎత్తుతారు. కలెక్టరు బండి వచ్చినా అంతే. ఈ ఏడు పండుగ మంగళవారమే మొదలైంది.

"మోటారుసైకిలు వచ్చిందా అని నేనే అడిగిన," అన్నాడు వీరేందర్. "వచ్చింది, ఇరవై రూపాయలు గూడా కట్టిండ్రు అని చెప్పిండ్రు. రాసుకున్న. వేలిముద్ర వేయించిన. ఇంకేం గావాలె నీకు?"

కట్ట పక్కన పంపుషెడ్డు తాళం తీయించి, అందులో పెట్టిన వెంకటప్పయ్య మోటారుసైకిలు చూపించమన్నాడు సారయ్య. వీరేందర్ విసుక్కుంటూనే తీయించాడు. షెడ్డు ముందు పంపు ఆపరేటరు మోటారుసైకిలు నిలబెట్టి ఉంది. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి డ్యూటీకి వచ్చిన బండి అది. దాని దీపం మీద ఎండిన పసుపు బొట్టు, అరచేతి మందాన, ఇంకా ఉంది. ఈ మూడు రోజుల్లో చినుకు పడలేదు.

వెంకటప్పయ్య మోటారుసైకిలు దీపం మీద బొగ్గుదుమ్ము పొర కట్టి ఉంది. దాని మీద వేలి గీత కూడా లేదు.

"తుడుచుకున్నడేమో," అన్నాడు వీరేందర్.

"పసుపు తుడిస్తే దుమ్ము గూడ పోవాలె గద సార్. సచ్చేటందుకు పోయేటోడు బొట్టు తుడిచి, మళ్ల దుమ్ము చల్లుకుంటడా?"

వీరేందర్ వంగి దీపాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. లేచాక గొంతు గట్టిగానే ఉంది కానీ ఎకసెక్కెం తగ్గింది. బొట్టు లేనంత మాత్రాన కేసు తిరగబడదని, ఆడవాళ్ల వాంగ్మూలం తన దగ్గర ఉందని అన్నాడు. "అయిదు దాంక ఆగుత. నీ తలకాయల మాట గాదు, చేతికి దొరికేది తీస్కరా. లేకుంటే ఫైలు కొత్తగూడెం పోతది."

జీపు ఎక్కి వెళ్లిపోయాడు. సారయ్య గడియారం చూసుకున్నాడు. రెండు గంటలకి అయిదు నిమిషాలు తక్కువ. గూడెం ఆడవాళ్లు అబద్ధం చెప్పరు, దుమ్ము కూడా చెప్పదు. రెండూ నిజమే కావాలంటే సీఐ అడిగిన తీరులోనే ఏదో జారిపోయి ఉండాలి.

*

పండుగలో దారి దగ్గర కూర్చున్నది చిన్నక్క అని గూడెంలో అందరూ ఒకటే మాట చెప్పారు. ఆమె ఇప్పపువ్వు ఏరడానికి వాడే బుట్టకి అంచు అల్లుకుంటూ గుమ్మంలో కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. కుడిచేతికి చిటికెనవేలు లేదు. కట్ట తెగిన పొద్దు ఇంటి దూలం మీద పడితే, దాని కిందినుంచి మనవరాల్ని లాగబోయింది. వేలు పోయింది, మనవరాలూ దక్కలేదు. ఆ నలుగురిలో ఆ పిల్ల ఒకతి.

సారయ్య నేల మీదే కూర్చున్నాడు. మొదట కాగితం సంగతి చెప్పాడు. ఆమె అల్లిక ఆపి విన్నది.

"పరిహారమంటే మాకిచ్చినట్టే గదా? మాకేడిచ్చిండ్రు?"

"ఇయ్యలేదు. సర్కారుకు దండుగ కట్టి, మీకిచ్చినట్టు పేరు రాసుకున్నరు. గట్ల రాస్తే వాళ్లకు పన్ను తగ్గుతది."

చిన్నక్క బుట్ట పక్కన పెట్టింది. "మా పిల్ల సచ్చినందుకు వాళ్లకు తగ్గింపు వచ్చిందా?"

సారయ్య తల ఊపి, కాగితం కింద ఉన్న నలభై ఒక్క ముద్రల సంగతి కూడా చెప్పాడు. ఆ మొగవాళ్ల ముద్రలు ఏ రోజువని అడిగింది ఆమె. కిందటేడు మృగశిర కార్తె రేపనంగా వచ్చిన శుక్రవారం అని చెప్పాడు.

"ఆ పొద్దు గూడెంల మొగపురుగు లేడే. పోయినేడు పండుగ నడిమి రోజది. అందరు గుట్ట మీదున్నరు. ముద్రలు ఎవరేసిండ్రు, కోతులా?"

వెంకటప్పయ్య పన్నెండేళ్లుగా ఈ దారిన తిరిగాడు. ఏటా ఈ బొంగు దగ్గర ఆగాడు, సుంకం కట్టాడు. కిందటేడు ఆ శుక్రవారం కూడా వచ్చి పోయాడని చిన్నక్క చెప్పింది. మగవాళ్లు లేని రోజు ఏదో అతనికంటే బాగా తెలిసినవాడు ఆ ఆఫీసులో లేడు. మరి నలభై ఒక్క మగవాళ్ల ముద్రల కింద సరిగ్గా ఆ తేదీయే ఎందుకు వేశాడు?

సారయ్యకు తన మస్టర్లు గుర్తొచ్చాయి. పనికి రానివాళ్లకు హాజరు వేయమని పైవాళ్లు మెడ మీద కూర్చున్నప్పుడు ఎదురు చెప్పలేని టైమ్‌కీపర్లు ఒక పని చేసేవాళ్లు. ఆ దొంగ హాజరుని గని మూసి ఉన్న రోజున వేసేవాళ్లు. చూడటం తెలిసినవాడు ఎప్పుడైనా చూస్తే చాలు, అబద్ధం తనంతట తనే బయటపడుతుంది. తనూ రెండుసార్లు అట్లా వేశాడు. వెంకటప్పయ్య ఒప్పుకోలేదు. ఒప్పుకోనని ఆ తేదీతో చెప్పాడు. ఆదాయపన్ను వాళ్లు వచ్చి అడిగితే నోటితో కూడా చెప్పేవాడు. ఆ భయం వెంకటప్పయ్యది కాదు, ఇంకొకరిది.

హైమకు ఇది చాలు. కానీ వీరేందర్‌కి చాలదు.

"మంగళవారం మోటారుసైకిలు వచ్చిందని సీఐకి చెప్పినవట?"

"అవ్. వచ్చింది."

"దాని మీద ఎవరున్నరు?"

"దాని మీద ఎవరుంటరు? అదే బండెక్కి వచ్చింది," అంది చిన్నక్క, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

తరువాత ఆమె చెప్పిందంతా సారయ్య టైములతో సహా రాసుకున్నాడు. మూడుంబావు బస్సు పోయాక, పొద్దు వాలకముందు ఒక తెల్ల ట్రాలీ వచ్చింది. వెనక నీలం పట్టా కప్పి ఉంది. దుమ్ముకని డ్రైవరు మూతికి తువ్వాలు చుట్టుకున్నాడు. పక్క సీట్లో ఒక మనిషి అద్దానికి తల ఆనించి కదలకుండా ఉన్నాడు. తాగి పడుకున్నాడు, లేపొద్దు అన్నాడు డ్రైవరు. దీపానికి బొట్టు పెట్టబోతే కొత్త పెయింటు అని పెట్టనివ్వలేదు. ఇరవై రూపాయలు ఇచ్చి తొందరపెట్టాడు. ఆ తొందర చూసి చిన్నక్కకు అనుమానం వచ్చింది, లోపల కల్లో కలపో తోలుతున్నాడేమోనని. వెనక్కి పోయి పట్టా ఎత్తి చూసింది. లోపల మోటారుసైకిలు పడుకోబెట్టి ఉంది.

"రెండు బండ్లకు కట్టాలె అన్న. ఒకటి మోసేది, ఒకటి మొయ్యబడేది. సుంకం సుంకమే గద. వాడు గొణిగిండు గని ఇంకో ఇరవై ఇచ్చిండు. సీఐ సారు వచ్చి మోటారుసైకిలు వచ్చిందా, పైసలు కట్టిండ్రా అని అడిగిండు. అవ్ అని చెప్పిన. ట్రాలీ వచ్చిందా అని అడగలే."

"బొట్టు పెట్టనియ్యలేదు గద. ఆ బండిని మళ్ల చూస్తే పోలుస్తవా?"

చిన్నక్క చెయ్యి చాచింది. అరచేతి గీతల్లో, గోళ్ల కింద పసుపు ఇంకా పోలేదు. "పట్టా ఎత్తి లోపలికి వంగినప్పుడు వెనక డోరు పట్టుకున్న. చెయ్యి నిండ తడి పసుపు. లోపలి దిక్కు పడ్డది. వాడు చూడలే. నాకూ చెప్పబుద్ధి గాలే. బొట్టు లేకుండ బండి పోవద్దు, నా చెయ్యే బొట్టనుకున్న."

నాలుగు వేళ్ల ముద్ర. జిల్లాలో తెల్ల ట్రాలీలు వేలకొద్దీ ఉంటాయి, కానీ ఈ చేతి ముద్ర ఉండేది ఒక్కదాని మీదే. సారయ్య లేచి ఆమెకు రెండు చేతులూ జోడించాడు. సాయంత్రం సీఐ ముందు ఇదే మాట చెబుతావా అంటే, నిలబడి చెబుతానంది.

*

నాలుగూ ఇరవైకి సారయ్య గూడెం దాటాడు. కొండవాలు అడ్డుదారిన వస్తూ వాగు పక్క బురదలో రెండు కాళ్లూ మోకాళ్ల దాకా దిగబడ్డాయి. కల్వర్టు మీదికి ఎక్కాక ఆగాడు. దుమ్ములో సీఐ జీపు చక్రాల గుర్తులు పోతూ ఒక వరస, వస్తూ ఒక వరస స్పష్టంగా ఉన్నాయి. పక్కనే బొగ్గు టిప్పరు గుర్తులు కూడా ఉన్నాయి. పోయేటప్పుడు తొందరలో చూసుకోలేదు గానీ, కల్వర్టు ఎక్కడా కుంగలేదు.

ఖాళీ ట్రాలీ బరువుకి ఆగదన్నాడే చందర్ అనుకుంటూ నడిచాడు. మరి గూడెంలోకి బండి ఎందుకు తేలేదు?

చందర్ బండి ముందు నిలబడి అద్దం తుడుస్తున్నాడు. ఏమన్నా తెలిసిందా బాబాయ్ అని అడిగాడు. ఇంకా లేదని చెప్పాడు సారయ్య. కాళ్లకు బురద ఉంది, క్యాబిన్ ఖరాబవుతుంది, వెనక కూర్చుని కడుక్కుంటానని వెనక్కి నడిచాడు. చందర్ వద్దనేలోపే గొళ్లెం లాగాడు. వెనక డోరు కిందికి వాలింది.

చెక్క లోపలి వైపు, ఎండి పొరలు లేచిన పసుపు. బొటనవేలు, పక్కన మూడు వేళ్లు. చిటికెనవేలు ఉండాల్సిన చోట ఉత్త చెక్క.

మూడు రోజులుగా కిరాయి లేదు. మంగళవారం మోటారుసైకిలు దించేటప్పుడు తొందరలో చూసుకుని ఉండడు, తరువాత బండి పైపైనే కడిగాడు. గెలలు ఎక్కించి ఉంటే ఈ డోరు తెరిచేవాడు, చూసేవాడు. వాషరీ గేటు దగ్గర వాచ్‌మన్ నంబరు ఎందుకు అడగలేదో సారయ్యకు ఇప్పుడు తెలిసింది. అది జాలి కాదు. ఆ బండి నంబరు ఆ గేటు పుస్తకంలో ఎక్కకూడదని కంపెనీవాళ్లే చెప్పి ఉంటారు.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. ఈ వాగు ఒడ్డున సిగ్నల్ ఒక గీత మాత్రమే ఉంటుంది. హైమ.

"అన్నయ్యగారూ, నాలుగున్నర దాటింది. ఏమైనా తెలిసిందా?"

చందర్ బండి పక్కగా వచ్చి నిలబడ్డాడు. అద్దం తుడిచిన గుడ్డ ఇప్పుడు అతని చేతిలో లేదు. చక్రాలు విప్పే ఇనపరాడ్ ఉంది.

సారయ్య పసుపు ముద్ర మీద తన అరచెయ్యి పరిచి, దాని మీద బరువు మోపి కూర్చున్నాడు.

"తెలిసిందమ్మా," అన్నాడు. "మీ ఆయన దొంగ కాదు. అబద్ధం రాయమంటే, అబద్ధమని తెలిసేటట్టు రాసిండు. రుజువు ఉన్నది."

అవతల ఆమె మూడు రోజుల తరువాత మొదటిసారి ఏడ్చింది. ఆ ఏడుపు ఫోన్‌లోంచి చందర్ దాకా వినిపించింది. అతను కదలలేదు.

"మరి ఎవరు చేశారు అన్నయ్యగారూ? ఒక్కరే వెళ్లకండి ఎక్కడికీ. మా తమ్ముణ్ని పక్కనే ఉండమనండి. ఉన్నాడా?"

చందర్ సారయ్య ముఖం చూడటం లేదు. చెక్క మీద పరిచిన ఆ చెయ్యి కేసి చూస్తున్నాడు. వేళ్ల సందుల్లోంచి పసుపు కనిపిస్తోంది.

"ఉన్నడమ్మా," అన్నాడు సారయ్య. "పక్కనే ఉన్నడు."